జొన్నలు తిన్న ఎముకలు

గుంటూరు, 1987

అమ్మా,

నీ సమాధికి సున్నం వేసి, బ్రాడీపేటలో ఒక సభకు వెళ్ళాను. నువ్వు బతుకంతా ఎవరి చేలో మిరపకాయలు కోశావో, ఆ ఆసామే అధ్యక్షుడు. "మా చేలో బయటపడ్డ మధ్యయుగపు ఎముకలు మా పూర్వీకుల కూలీలవే. వాళ్ళను వరన్నం పెట్టి సాకాం," అన్నాడు.

తిన్న తిండి ఎముకల్లో నిలిచిపోతుందట. ఆ ఎముకలకు రసాయన పరీక్ష చేసినాయన లేచి, వాళ్ళు బతికినన్నాళ్ళూ తిన్నది జొన్నలే, వరి జాడ లేదన్నాడు.

"ఆ వరన్నం ఎవరు మింగారండీ?" అని అరిచాను.

"కూర్చోరా!" అన్నాడు ఆసామి.

"కూర్చోను. మా అమ్మకూ జొన్నగంజే పోశారు."

అంతమందిలో ఆ మాట అనేసరికి నా కడుపు నిండింది.

ఆసామి వాళ్ళు తమ శవాల్ని కాల్చేస్తారు, బూడిద ఏమీ చెప్పదు. మనం పూడ్చుకుంటాం. నువ్వు ఆ మట్టిలో చెక్కుచెదరకుండా ఉండమ్మా. వాడి మనవళ్ళు ఇదే అబద్ధమాడిననాడు సాక్ష్యం చెప్పాల్సింది నువ్వే.