కళ్యాణి కొలత

శంషాబాద్,
మంగళవారం.

కాలు విరిగి మంచమెక్కినా మనసంతా దుకాణంలోనే ఉన్న మా మల్లేశ్వర్ అన్నకు,

జీవన్ గారి ఫియట్ పని పూర్తయింది. నేనే చేశాను. ఫోన్‌లో చెబితే సగం మాటలోనే అడ్డుపడతావు, అందుకే రాస్తున్నాను. ఉత్తరమైతే చివరిదాకా వినక తప్పదు.

నువ్వు మహబూబ్‌నగర్‌లోని మీ అత్తగారింటికి వెళ్లిన మూడో రోజున ఆయన మన టైర్ల దుకాణానికి వచ్చారు. ఎయిర్‌పోర్టు దగ్గర హోటల్లో మేనేజరుగా చేస్తారు కదా, ఆయనే. డెబ్భై నాలుగు నాటి ఆ కారును ఎక్కడో స్ప్రింగులు మార్పించి రెండంగుళాలు కిందికి దింపించారు. ఇప్పుడు వెడల్పు చక్రాలు, వెడల్పు టైర్లు వేయించి ఆదివారం ఇంటిల్లిపాదినీ శ్రీశైలం తీసుకుపోవాలని ఆయన ముచ్చట. చక్రాలు ముందే కొని డిక్కీలో పెట్టుకొచ్చారు. ఒకటి బిగించి చూశాను. మడ్‌గార్డు దాటి వేలి మందాన బయటికొచ్చింది. నిలబెట్టి చూసుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, నలుగురెక్కి గుంతలో పడితే మడ్‌గార్డు అంచు టైరును కోసేస్తుంది. ఇవి వద్దన్నాను. ఆయన నమ్మక నీకు ఫోన్ చేశారు. స్పీకర్ పెట్టారని నీకు తెలియదు.

"కొలతలు దాని చేతికియ్యకుండ్రి సార్. బిక్షమన్న కారు సంగతి మీకెరుకే గద. నేనొచ్చినంక చేస్త," అన్నావు.

అన్నా, రెండేళ్లుగా దాచుకున్నది ఇప్పుడు చెబుతాను. బిక్షమన్న కారు టైరు తుక్కుగూడ దగ్గర తెగి, కారు డివైడరుకు కొట్టుకుని ఆయన మణికట్టు విరిగినప్పుడు, కొలిచింది నేను కాబట్టి తప్పు నాదేనన్నావు. నేనూ నమ్మాను. దవాఖానలో ఆయన భార్య సత్తెమ్మ వదిన ముఖం చూడలేక మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆ రోజు నుంచి కొలత టేపు ముట్టలేదు. గాలి నింపాను, పంక్చర్లు వేశాను, ఎవరైనా వెడల్పు టైర్ల మాటెత్తితే లోపలికి వెళ్లిపోయాను. నువ్వు ఎప్పుడూ తిట్టకపోతే అది నీ ప్రేమ అనుకున్నాను. స్పీకర్‌లో నీ మాట విన్నాకే నన్ను ఎంత దూరం పెట్టావో తెలిసింది.

జీవన్ గారు వెళ్లిపోవడానికి కారు తాళం చేతిలోకి తీసుకున్నారు. "సార్, జర ఒక గంట ఆగుండ్రి. కొలిచి మీ కండ్లకే చూపెడ్త. నచ్చకుంటే తీస్కపోండ్రి," అన్నాను.

స్ప్రింగులు విప్పి, జాకీతో ఇరుసును పైదాకా ఎత్తి, స్టీరింగు ఆ చివరికీ ఈ చివరికీ తిప్పి కొలిచాను. బయటి వైపు అసలు చోటు లేదు, లోపలి వైపు అంగుళమున్నర ఉంది. అదే వెడల్పున్న చక్రం మరింత లోపలికి కూర్చునేది తెస్తే సరిపోతుందని చెప్పాను. ఆయన వంగి టేపు మీది అంకె తానే చదువుకుని, మర్నాడు చక్రాలు మార్చుకొచ్చారు. రంగు పగలకుండా మడ్‌గార్డు అంచును వేడి చేసి లోపలికి మడిచాను. దానికి తడి సుద్ద పూసి, వెనక సీట్లో ముగ్గురు క్యాబ్ డ్రైవర్లను కూర్చోబెట్టి హిమాయత్ సాగర్ వైపు గతుకుల మీద నడిపాను. వచ్చి చూస్తే టైరుకు సుద్ద అంటలేదు. నిన్న ఆయన శ్రీశైలం ఘాట్ ఎక్కి దిగిన టైర్లు చూపించడానికే వచ్చారు. ఒక్క గీత లేదు.

ఇకనుంచి కొలతలు నావి. నీకిష్టం లేకపోతే తుక్కుగూడలో వేరే దుకాణం పెట్టుకుంటాను. కోపంతో రాస్తున్న మాట కాదు, పని వచ్చిన మనిషిగా రాస్తున్నాను.

నీ చెల్లె,
కళ్యాణి

మహబూబ్‌నగర్,
శనివారం.

నాకన్నా గట్టిదైన మా కళ్యాణికి,

విరిగింది కాలే అయినా, నీ ఉత్తరం చదివాక రెండు రోజులు రాయడానికి చెయ్యి రాలేదు.

బిక్షమన్న కారుకు నువ్వు తీసిన కొలత సరైనదే. నువ్వు రాసిచ్చిన చక్రాలు రావడానికి వారం పడుతుందన్నారు. తమ్ముడి పెళ్లి బరాత్‌కు కారు కావాలని ఆయన తొందరపెట్టాడు. దుకాణంలో ఉన్నవి అరంగుళం బయటికొస్తాయని తెలిసే బిగించాను. తర్వాత దవాఖానలో ఆయన, "ఎవరు కొలిచిండ్రు?" అని అడిగాడు. నీ పేరు చెప్పాను. కొలిచింది నువ్వే కదా, అబద్ధం కాదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నువ్వు మళ్లీ టేపు పడితే నా తప్పు బయటపడుతుందని భయం. ఫోన్‌లో అలా అన్నది కూడా ఆ భయంతోనే.

దుకాణం విడిచిపోకు అని అడిగే ముఖం నాకు లేదు. ఏం చేయమంటే అది చేస్తాను.

మల్లేశ్వర్

శంషాబాద్,
శుక్రవారం.

అన్నకు,

నీ ఉత్తరం చదివాక ఫోన్ చేసి నేను అన్నది ఒక్కటే, బిక్షమన్నకు నువ్వే చెప్పమని. చెప్పావని ఈ పొద్దున తెలిసింది. ఆయన ఆ కారులోనే వచ్చాడు. కారు దిగి, "రెండేండ్లు నీ తప్పే అనుకున్న చెల్లె. మనసుల పెట్టుకోకు," అన్నాడు.

ఆ తర్వాత మళ్లీ వెడల్పు చక్రాల మాటెత్తాడు. ఈమధ్య కారును ఇంకా కిందికి దింపించాడట. కొలిచి, ఈ ఎత్తులో ఎక్కవని, అంగుళమైనా పైకి లేపాలని చెప్పాను. కారు ఇక్కడే వదిలి, తాళం నా చేతిలో పెట్టి ఆటో ఎక్కాడు.

నీ మీద కోపం ఇంకా ఉంది, అది పోవడానికి సమయం పడుతుంది. అయినా తుక్కుగూడ పోను. ఈ దుకాణం నాది కూడా. కట్టు విప్పగానే రా. నేను కొలిచి చెబుతాను, నువ్వు బిగించు.

కళ్యాణి