మల్లయ్య తాత అడిగిన పాత ఆయిల్

ఏమయ్యా, నువ్వు చదవవని తెలిసీ రాస్తున్న.

నువ్వు పోయి నేటికి ఆర్నెల్లు. నీ టాక్సీ ఇప్పుడు నీ తమ్ముడు నడుపుతున్నడు. పటాన్‌చెరుల కొత్త ఫ్యాక్టరీలు లేస్తున్నయి గదా, కిరాయిలు బాగనే దొరుకుతున్నయి.

పొద్దుగాల మల్లయ్య తాత ఖాళీ డబ్బా పట్టుకొని వచ్చిండు. నువ్వు ఇంజన్లకెల్లి తీసిన పాత ఆయిల్‌ను ఆయన ఎడ్లబండి ఇరుసుకు పూసుకుంటుండె గదా. "ఇరుసు కిర్రుమంటుంది బిడ్డా. ఆర్నెల్ల సంది మీరు చుక్క ఇయ్యలే" అన్నడు.

పాత ఆయిల్ ఇయ్యలేదంటే, అసలు మార్చనే లేదన్నట్టు! నీ తమ్ముణ్ణి పిలిచి అడిగిన.

"తగ్గినప్పుడల్ల పైన పోస్తనే ఉన్న గదా వదినా."

నాకు మండింది. మాడిన నూనెల మంచి నూనె పోస్తే మంచిదయితదా? దుమ్ము, మసి అండ్లనే ఉండి ఇంజన్‌ను అరగదీస్తదని నువ్వు ఎన్నిసార్లు చెప్పలే! అప్పటికప్పుడు బండ్లు బాగుచేసే మిస్త్రీ దగ్గరికి తోలిన. ఆయిల్ బెల్లం పాకం లెక్క దిగిందంట. ఇంకొన్ని దినాలైతే ఇంజన్ పట్టేస్తుండె అన్నడంట మిస్త్రీ.

మాపటికి వాకిట్ల బండి సప్పుడైంది. అచ్చం నువ్వు నడిపినప్పటి లెక్క, మెత్తగ. నల్లటి చేతులతోని లోపలికి రావద్దని నీతోని కొట్లాడేటిదాన్ని గదా. ఏం ఆలోచన చెయ్యకుండనే చెంబెడు నీళ్ళు, సబ్బుబిళ్ళ పట్టుకొని గడప కాడికి ఉరికిన.

దిగింది నీ తమ్ముడు. నన్ను చూసిండు, చెంబును చూసిండు. నల్లబడ్డ చేతులు ముందుకు చాపిండు.