రెండో తాళం

నువ్వు నాకు అబద్ధం చెప్పావు, అమ్మా. ఒకటి కాదు, మూడు. వరసగా రాస్తున్నాను, తర్వాత "నేనెప్పుడన్నానే?" అనకుండా.

పోయిన ఆదివారం కడుపు పాడైందన్నావు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బాత్రూమ్‌లోనే కాపురం పెట్టావు. నేను వానలో మందుల షాపుకి పరిగెత్తి విరేచనాలు కట్టే మాత్రలు తెచ్చాను. వేసుకున్నానన్నావు. అవి ఇవాళ నీ కళ్ళజోడు పెట్టెలో దొరికాయి, రెండూ చెక్కుచెదరకుండా. కెమెరా పరీక్ష కోసం నువ్వు మందు తాగి పేగు ఖాళీ చేసుకుంటుంటే, నేను దాన్ని బిగించే మందు తెచ్చి, పైగా గంటగంటకీ "తగ్గిందా?" అని తలుపు కొట్టాను. ఎంత వెర్రిదాన్ని చేశావో చూడు.

మర్నాడు మీ బస్సు డిపోలో ట్రైనింగ్ అన్నావు. ఆ ట్రైనింగ్‌లో నీకు మత్తు ఇచ్చారని ఇప్పుడు తెలిసింది.

మూడోది నిన్నటిది. పాసుల పని మీద హెడ్డాఫీసుకి వెళ్ళాలన్నావు. మీ హెడ్డాఫీసులో జనం చక్రాల కుర్చీల్లో తిరుగుతారని నాకు తెలియదు.

నిన్న ఆస్పత్రి లిఫ్టు ఆగిపోయిందని మమ్మల్ని పిలిచారు. నేను లిఫ్టు పెట్టె పైకెక్కి, రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య నిలబడి తలుపు బిగుతు చూస్తున్నాను. బయట లిఫ్టు కోసం నిలబడ్డవాళ్ళ మాటలు లోపలున్న మాకు చెవిలో చెప్పినట్టు వినిపిస్తాయి. ఏ నర్సుకి ఏ డాక్టరంటే పడదో, ఎవరి అల్లుడు ఎలాంటివాడో మాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. నిన్న నీ గొంతు వినిపించింది.

"ఇదీ చెడిందా! మీ పిడుగుని పిలవాల్సింది," అంది ఎదురింటి టైలరత్త.

"అమ్మో, వద్దు. అది వస్తే లిఫ్టుతో పాటు నన్నూ విప్పి బాగుచేసేస్తుంది," అన్నావు. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

నవ్వాక అసలు సంగతి చెప్పావు. పెద్దపేగు లోపల కండ పెరిగిందట, పాలిప్ అంటారట. కాడతో వేలాడే రకం కాదట, గోడకి అంటుకుని పరుచుకుందట, గొట్టంలోంచి తియ్యడం కుదరదట. ఇంకా క్యాన్సర్ కాదట, వదిలేస్తే కావచ్చట. ఆ ముక్క పేగు కోసి, మిగతాది కలపాలట. అతుకు మానేదాకా పొట్ట మీద సంచి పెట్టాల్సి రావచ్చట.

"మరి ఎప్పుడు?"

"పద్దెనిమిదిన అన్నారు. కుదరదన్నాను."

"పిల్లకి చెప్పావా?"

"చెప్పను. ఫారంలో దగ్గరివాళ్ళ పేరు రాయమంటే నీ పేరు రాశాను."

నా చేతిలో స్పానర్ జారి కింద గుంతలో పడింది. "ఏమైందే, పాము కనిపించిందా?" అని మేస్త్రీ పైనుంచి అరిచాడు. నేను బయటపడేసరికి మీరిద్దరూ మెట్లు దిగి వెళ్ళిపోయారు.

దగ్గరివాళ్ళు టైలరత్తా? నాలుగేళ్ళ కిందట నీ రొమ్ము తీసేసినప్పుడు గాయం నీరు దిగే డ్రెయిన్ సీసా రోజుకి రెండుసార్లు ఖాళీ చేసి, ఎన్ని మిల్లీలీటర్లో గోడ మీద పట్టీలో రాసింది ఎవరు? నీ జుట్టు దిండు మీద రాలిపోతుంటే నువ్వు లేవకముందే ఏరిపారేసింది ఎవరు? పాలిటెక్నిక్ మానేసి, నీ కీమో కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చుని వైరింగ్ పుస్తకాలు సొంతంగా చదివి ఈ పనిలో చేరింది ఎవరు? టైలరత్త అప్పుడు పరామర్శకి వచ్చి గంటన్నర సేపు తన మోకాళ్ళ గురించి చెప్పి వెళ్ళింది.

నువ్వు భయపడి ఆపరేషన్ ఎగ్గొడుతున్నావు. నేను ఒప్పుకోను. ఇవాళ డాక్టరు ఆఫీసుకి ఫోన్ చేశాను. నీ పేరు, పుట్టినతేదీ చెప్పి, నువ్వే మాట్లాడుతున్నట్టు మాట్లాడి పద్దెనిమిది ఖాయం చేశాను. బ్యాగు నేను సర్దుతాను. నువ్వు వచ్చి పడుకో, చాలు.

నోటితో అడిగితే అరుస్తాను, నేను అరిస్తే నువ్వు గిన్నెలు తోమడం మొదలుపెడతావు. అందుకే రాసి చక్కెర డబ్బా కింద పెడుతున్నాను. పంచదార లేకుండా నీకు పొద్దు పొడవదుగా.

నీ కూతురు
(ఇంకా ఆ ఉద్యోగంలో ఉంటే)

*

పిడుగుకి,

నీ ఉత్తరం పళ్ళు తోముకుంటూ చదివాను. నురగ మింగేశాను. ఇప్పుడు డిపోలో కౌంటర్ వెనక కూర్చుని, బస్సుకీ బస్సుకీ మధ్య రాస్తున్నాను. ఎవరికైనా టికెట్ ఇవ్వాల్సి వచ్చినప్పుడల్లా మాట తెగుతుంది, సర్దుకో.

మూడు అబద్ధాలూ నిజమే. మాత్రల సంగతి మాత్రం నేను అనుకున్నది కాదు. నువ్వు వానలో తడిసి వచ్చి తలుపు సందులోంచి మాత్రలు అందిస్తుంటే లోపల నవ్వాపుకోలేకపోయాను. ఆ స్థితిలో నవ్వకూడదని అప్పుడే తెలిసింది.

నేను కుదరదన్నది పద్దెనిమిదికి. ఆపరేషన్‌కి కాదు. నువ్వు సగం విని మిగతా సగం ఊహించావు. ఇరవైన డాక్టర్ని మళ్ళీ కలుస్తాను. అడగాల్సినవి పదకొండు రాసుకున్నాను. చిన్న కన్నాలతో చేస్తారా, పొట్ట కోస్తారా. సంచి తప్పదా, పెడితే ఎన్నాళ్ళు. రోజుకి ఎనిమిది గంటలు ఈ కుర్చీలో కూర్చోగలనా. పాత మచ్చ ఉన్న వైపు చేతికి సూది గుచ్చకుండా చూస్తారా. అన్నీ విన్నాక ఇరవై ఏడున చేయించుకుంటాను. ఈ కొద్ది రోజుల్లో ముంచుకొచ్చేదేం లేదని డాక్టరే అన్నాడు. నేనే అడిగాను.

నువ్వు ఖాయం చేసిన పద్దెనిమిదిని నేను ఫోన్ చేసి రద్దు చేశాను. "నిన్న మీ గొంతు వేరేగా ఉందండీ," అంది అవతలి అమ్మాయి. జలుబన్నాను. ఈ నాలుగో అబద్ధం నీ కోసం ఆడింది.

ఇప్పుడు నేను నాలుగేళ్ళుగా అననిది అంటాను. నీకు గుర్తుందో లేదో. అప్పుడు డాక్టరు రెండు దారులున్నాయన్నాడు. గడ్డ వరకు తీసి రేడియేషన్ కరెంటు పెట్టడం ఒకటి, రొమ్ము మొత్తం తియ్యడం రెండోది. రెండూ మంచివే, మీ ఇష్టం, ఆలోచించుకోండి అన్నాడు. నేను నోరు తెరిచేలోపు నువ్వు "మొత్తం తీసేయండి, రేపే తీసేయండి" అన్నావు. ఆయన నా వైపు చూశాడు. నేను తలూపాను. అంత కచ్చితంగా మాట్లాడే పిల్ల పక్కనుంటే ఇంకేం చేస్తాం.

అడిగితే నేనూ మొత్తం తీసేయమనేదాన్నేమో. తెలియదు. తెలుసుకునే వీలు లేకుండా పోయింది, అదీ నా బాధ. స్నానం చేసేటప్పుడు ఆ మచ్చ చూసినప్పుడల్లా, ఇది నేను చెప్పింది కాదు కదా అనుకుంటాను. నువ్వు చేసిన చాకిరీ ఒక్కటీ మర్చిపోలేదు. కానీ గోడ మీద పట్టీ, గంటకో మాత్ర, ఏడవబోతే "ఏడిస్తే ఇమ్యూనిటీ తగ్గుతుంది" అని లైబ్రరీ పుస్తకం తెరవడం. నాకు ఏడవడానికి ఎదురింట్లో చోటు దొరికింది. టైలరత్త తన మోకాళ్ళ గురించి చెబుతుంటే నేను నా పాటికి ఏడ్చుకున్నాను. ఆవిడ ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. ఫారంలో ఆ పేరు అందుకే రాశాను.

నువ్వు పనిలో చేరిన మొదటి రోజు ఇంటికొచ్చి ఎంత గొప్పగా చెప్పావు! లిఫ్టు గుంతలోకి దిగేముందు మెయిన్ స్విచ్ ఆపి తాళం వేసుకోవాలి, తాళంచెవి దిగినవాళ్ళ జేబులోనే ఉండాలి, మేస్త్రీ అడిగినా, యజమాని అడిగినా ఇవ్వకూడదు అన్నావు. ఇప్పుడు దిగుతున్నది నేను. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.

నీకు చెప్పకపోవడం తప్పే. పాలిప్ కన్నా నువ్వంటేనే ఎక్కువ భయమేసింది.

ఇంకొకటి. తల్లికి ఇలాంటిది వచ్చింది కాబట్టి నువ్వు అందరికన్నా ముందే పరీక్ష చేయించుకోవాలట. ఎప్పుడన్నది నీ డాక్టర్ని అడిగి నువ్వే తేల్చుకో. నేను నీ గొంతుతో ఫోన్ చెయ్యను.

పదకొండున్నర బస్సు వచ్చింది.

అమ్మ

*

అమ్మా,

మూడుసార్లు చదివాను. రెండుసార్లు చింపబోయాను.

గుర్తుంది. ఆ డాక్టరు బల్ల మీద విప్పి చూపించే ప్లాస్టిక్ బొమ్మ ఉంది. నువ్వు జాకెట్టు హుక్కులు పెట్టుకుంటున్నావు. నేను నీ వైపు చూడకుండా అన్నాను. చూస్తే ఏడ్చేస్తానని చూడలేదు. పందొమ్మిదేళ్ళు నాకప్పుడు. ఎంత ఎక్కువ తీసేస్తే నువ్వు అంత ఎక్కువ మిగులుతావనుకున్నాను. అప్పట్నుంచీ అమ్మ ప్రాణం నేనే కాపాడానని మేస్త్రీకి, సామాన్లిచ్చే స్టోరువాడికి, లిఫ్టులో ఇరుక్కున్న ముక్కూ మొహం తెలియనివాళ్ళకి కూడా చెప్పుకు తిరిగాను.

క్షమించమని అడగను. అడిగితే నువ్వు వెంటనే "సర్లేవే" అంటావు, అక్కడితో అయిపోతుంది. అంత తేలిగ్గా అయిపోకూడదు.

డాక్టరు ఆఫీసుకి ఫోన్ చేశాను. ఈసారి నా గొంతుతో. మొన్న మాట్లాడింది కూతుర్నని, ఇకమీదట మా అమ్మ స్వయంగా చెబితే తప్ప ఏ తేదీ మార్చొద్దని చెప్పాను. "జలుబు తగ్గిందా అండీ మీ అమ్మగారికి?" అంది ఆ అమ్మాయి. నవ్వు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది. నా పరీక్ష సంగతి అడగడానికి వచ్చే బుధవారం మన వీధి చివరి డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాను. ఒక్కదాన్నే.

కానీ నా కోపం పోలేదు. నువ్వు మా నియమం సగమే గుర్తుపెట్టుకున్నావు. సగం వినడం మన ఇంటి జబ్బులా ఉంది. మిగతా సగం ఇది. స్విచ్ దగ్గర ఆరు కన్నాలున్న ఇనుప పట్టీ ఒకటి ఉంటుంది. మొదట దిగినవాళ్ళు ఒక కన్నంలో తాళం వేసుకుంటారు. సాయానికి రెండో మనిషి దిగితే, పక్క కన్నంలో తన తాళం వేసుకుంటుంది. మొదటి తాళాన్ని ముట్టుకోదు, దాని చెవి అడగదు. కానీ రెండూ తీస్తే గాని కరెంటు రాదు. అంటే మొదటి మనిషి లోపలుందని రెండో మనిషికి తెలియకుండా ఏదీ కదలదు. పోయినసారి నేను నీ తాళం పగలగొట్టి నాది వేశాను. మా దగ్గర అలా చేస్తే అదే పూట పనిలోంచి పీకేస్తారు. ఈసారి నువ్వు, నేను పైనుండగానే చెప్పకుండా గుంతలోకి దిగావు. దానికీ పీకేస్తారు.

ఆస్పత్రి ఫారంలో మొదటి గీతలో టైలరత్త పేరు ఉండనీ. ఆవిడ్ని అడిగాను, ఆ ఫారంలో దగ్గరివాళ్ళకి రెండో గీత కూడా ఉందట, ఖాళీగా ఉందట. అందులో నా పేరు రాయి. ఇరవైన డాక్టరు గదిలో గోడ వైపు కుర్చీలో కూర్చుంటాను. నువ్వు పదకొండూ అడిగేదాకా నోరు తెరిస్తే బయటికి పంపెయ్. సంచి పెడితే ఎవరు మార్చాలో నువ్వే చెప్పు. నన్ను వద్దంటే నర్సుని పిలుద్దాం. గోడ మీద పట్టీ అంటించను. ఏడిస్తే పుస్తకం తియ్యను. ఇరవై ఏడుకి సెలవు రాసిచ్చాను. నువ్వు వద్దంటే ఆ రోజు ఆస్పత్రి మెట్ల మీద కూర్చుంటాను తప్ప పనికి వెళ్ళను. అదొక్కటీ నీ చేతిలో లేదు.

శనివారం పొద్దున ఆరింటికి నువ్వు మొదటి బస్సుకి బయల్దేరతావు. అప్పటికి చక్కెర డబ్బా కింద జవాబు ఉండాలి. "చూద్దాంలే" అని రాస్తే ఒప్పుకోను. రెండో గీతలో నా పేరు రాస్తావా, రాయవా?

పిడుగు