ఆగి వేసే అడుగు

మదనపల్లె,
ఫిబ్రవరి 9

నా నీరజకు,

ఫోన్ ఎందుకు ఆపేశానని నీకు కోపం వచ్చి ఉంటుంది. తెరిస్తే మా కొత్త వీడియో పాటే. నువ్వు పెళ్లి చేసుకుని పలమనేరు వెళ్లాక మన గ్రూపు చేసిన జానపద వీడియోల్లో ఇంతగా ఆడింది లేదు. బస్సుల్లో, పెళ్లి డీజేల్లో, చివరికి టమోటా మార్కెట్లో కూడా అదే మోగుతోంది. నాలుగేళ్లు వెనక వరసలో ఆడిన నాకు పోస్టరు మీద పేరు పడింది. ఎగిరి గంతేయాల్సిన రోజుల్లో ఈ ఉత్తరం రాస్తున్నాను.

అందరికీ నచ్చింది ఆ ఒక్క స్టెప్పే. కుడి మడమ నేలకు ఆనకుండా క్షణం ఆగి, తర్వాత ఈడ్చి వేసే అడుగు. అది మన పురుషోత్తం మాస్టర్ కట్టింది కాదు. షూటింగుకు రామకుప్పం పక్క పల్లెకు పోయినప్పుడు అక్కమ్మ అనే ముసలామె నాకు నేర్పింది. రాగి కళ్లంలో మధ్యాహ్నమంతా నా చెయ్యి పట్టుకునే ఉంది. "కాలుకు బాగా వచ్చేదాకా వదలొద్దమ్మా" అంది.

ఇప్పుడు స్టేజీ దిగాక కూడా నా కాలు అలాగే పడుతోంది. కూరగాయలకు పోతున్నా, మెట్లెక్కుతున్నా అంతే. ఎక్స్‌రే తీసి ఎముకలో ఏమీ లేదన్నారు. అదైనా ఓర్చుకుందును. నిన్న పుంగనూరులో కాలేజీ ఫంక్షన్. కింద రెండు వందల మంది అమ్మాయిలు కేకలేస్తూ నాతోపాటు అదే అడుగు వేశారు. ఒక్కరూ నన్ను చూడలేదు నీరజా. అందరి కళ్లూ నా ఎడమ పక్కన, ఒకే చోట ఉన్నాయి. అక్కడ ఎవరూ లేరు. దిగాక ఒకమ్మాయి వచ్చి, "అక్కా, నీ పక్కన ఏసిన ఆయమ్మ పేరేంది? నీకన్నా బాగా ఏసింది" అని అడిగింది.

డాన్సు మానేద్దామనుకుంటున్నాను. అంతకు ముందు అక్కమ్మను ఒకసారి చూడాలి.

నీ
సుప్రజ

---

మదనపల్లె,
ఫిబ్రవరి 13

నీరజా,

అక్కమ్మ నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. నా కాలి వైపే చూసింది.

"వచ్చేసిండాదా నీకు?" అంది.

"ఏమొచ్చింది నాకు? సరిగ్గా చెప్పవ్వా!"

"నా కూతురు రెడ్డెమ్మ నడకమ్మా అది. చిన్నప్పుడు కాలిరిగి అట్లే అతుక్కునింది. ఆ కాలితోనే పాటకు ఎగిరితే ఊరంతా నిలబడి సూసేది. పందొమ్మిదో ఏట, తెల్లారతానే రాగిచేలోకి ఏనుగులొచ్చినాయి. ఇద్దరం చేతులు పట్టుకోని పరిగెత్తితిమి. ఆయమ్మి కాలు ఆగిపాయ." ఆమె తన అరచెయ్యి చూసుకుంది. "నేను చెయ్యి వదిలేస్తిని."

ఆ రోజు నుంచి ముప్పై ఏళ్లు అక్కమ్మ అలాగే కుంటిందట. నాకు నేర్పిన రోజే ఆమె కాలు సరైంది.

"తెలిసే నేర్పిస్తిని. తప్పే. ముసిలిదాన్ని, ఇంక మొయ్యలేకపోతిని. నువ్వూ ఎవురి చెయ్యన్నా పట్టుకోని నేర్పించు, పోతాది. ఉత్తగా సూసి నేర్చుకున్నోళ్లకు ఏం కాదులే."

లాగి కొట్టాలన్నంత కోపం వచ్చింది. కొట్టలేకపోయాను. "ఏమడుగుతుంది రెడ్డెమ్మ?" అన్నాను.

"ఏమీ అడగదమ్మా. వదలొద్దంటాది, అంతే."

దారి పొడవునా ఆ మాటే. మదనపల్లెలో క్లాసులు పెడదాం, నలభై మంది పిల్లలు చేరతారని మాస్టర్ నెల రోజులుగా అడుగుతున్నాడు. ఒక్క పిల్ల చెయ్యి పట్టుకుంటే నా కాలు నాకు వచ్చేస్తుంది. ఎవరికీ నేర్పనని ఆయనకు చెప్పేశాను. కారణం చెప్పలేదు. కన్నతల్లే రెండుసార్లు వదిలేసిన పిల్లను మూడోసారి నేను వదలలేను.

నిన్న సాయంత్రం కుప్పంలో ప్రోగ్రాం. ఈ పాటకు స్టేజీ మధ్యలో నిలబడేదాన్ని, కాస్త కుడికి జరిగి ఎడమ పక్క చోటు వదిలాను. పాట మొదలైంది. జనం ఎటు చూస్తున్నారో నేను చూడలేదు. ఇన్నాళ్లకు నా కాలు నాకు బరువనిపించలేదు. డాన్సు మానడం లేదు. వచ్చే నెల రెండు పాటలు ఒప్పుకున్నాను.

అయిపోయాక బస్టాండులో మాస్టర్, "తొందరగా నడువమ్మా, బస్సు కదుల్తాండాది" అని కేకేశాడు.

"మీరు ముందు పొండి సార్, మేం వస్తాం" అన్నాను.

ఆయన సరేనన్నాడు.

నీ
సుప్రజ