ఇట్లు, ఒక ప్రయాణికుడు

ఆదోని,
8-9-1983, గురువారం.

చిరంజీవి దస్తగిరమ్మకు మీ నాయన దీవెనలు. ఇక్కడ మేమంతా బాగున్నాం, ఎమ్మిగనూరులో మీరూ బాగుండాలి అని రాద్దామని కలం పట్టుకున్నాను. బాగాలేమని నీ ఉత్తరమే చెబుతుంటే ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు తల్లీ. అల్లా మీ ముగ్గురినీ చల్లగా చూడాలి.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. మీ అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది. బక్రీదుకు మీరొస్తారా రారా అని రోజుకు నాలుగుసార్లు నన్నే అడుగుతుంది, నేనేదో మీ ఇంట్లో కూర్చున్నట్టు. పిల్లోడి దిండు కుట్టేశాను. మెత్తటి బూరుగు దూదే వేశాను, తల కింద వేడి చెయ్యదు. ఉరుకుంద జాతరకు ఈసారి పోయావా అని అడిగావు. పోయాను. శ్రావణమాసం సోమవారాలన్నీ పోయాను. మనం చేసిన దీపం వత్తులంటే ఈరన్నస్వామి భక్తులకు గురి కదా. "సాబు వత్తులు గాలికి కూడా ఆరవప్పా" అని వెతుక్కుంటూ వచ్చి కొంటారు. ఆ జాతర సంగతి మళ్ళీ చెప్పాల్సి ఉంది, చెబుతాను.

ఇక అసలు సంగతి. నువ్వు పంపిన మెమో, దానితోపాటు టైపు కొట్టిన ఫిర్యాదు నకలు అందాయి. ఆగస్టు 22 సాయంత్రం ఉరుకుంద నుంచి ఆదోనికి వచ్చే జాతర స్పెషల్‌లో కండక్టరు తాగి ఉన్నాడని, చెయ్యెత్తిన మనిషిని తిట్టి, బస్సు ఆపకుండా పోయాడని ఎవరో ఫిర్యాదుల పుస్తకంలో రాశారు. కింద పేరు లేదు, 'ఇట్లు, ఒక ప్రయాణికుడు' అని ఉంది. అంతే, ఆ బస్సు కండక్టరని అల్లుణ్ణి డ్యూటీలోంచి ఆపేశారు. వచ్చే బుధవారం మీ ఊరి డిపోలో విచారణ. తాగింది నిజమని తేలితే ఉద్యోగం ఉండదు.

"నాయనా, జన్మలో సుక్క ముట్టని మనిషి, రెండు దినాల్నుంచి అన్నం ముట్టల్యా. నీ రాత ముత్యాల మాదిరి ఉంటాది, ఆయప్ప తరఫున నువ్వే జవాబు రాసియ్యి" అని రాశావు. కింద ఇంకో మాట కూడా రాశావు, "ఆ పాపిష్టి రాత రాసినోని సెయ్యి పడిపోను" అని. ఆ లైను ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు.

జవాబు మొదలుపెట్టడం, చింపడం, రెండు రోజులు ఇదే పని. మూడో రోజు అంగడి మూసేసి ఇక్కడి డిపోకు పోయాను. అక్కడ రికార్డు గదిలో సుంకన్న అని అటెండరున్నాడు, మన దగ్గర పరుపు కుట్టించుకున్న మనిషే. ఆ గది నువ్వు చూడాలి. నేల నుంచి కప్పుదాకా కట్టలే. ఏ బస్సు ఏ రోజు ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో, ఎక్కడ టైరు పగిలిందో, అన్నీ ఉన్నాయి. ప్రైవేటు బస్సులు తిరిగిన కాలం కాగితాలు కూడా పారెయ్యలేదు.

"ఆగస్టు పుస్తకం చూడాల సుంకన్నా, మా అల్లుని కేసు" అన్నాను. పాపం, జాలిపడి తీసిచ్చాడు. పేజీ తిప్పాను. సుంకన్న అటు తిరిగాడు. చింపబోయాను.

"ఓ సాబూ! పిచ్చి గాని పట్టినాదా?" అని వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "పేజీకి నంబరుండాది, సూడు. కింద కార్బను పెట్టి మూడు కాపీలు. ఒకటి ఆ దినమే పై ఆఫీసుకు పాయ. ఇది సింపితే నిన్ను కూడా లోపలేస్తారు."

"పేరు కూడా లేని రాతను పట్టుకుని మనిషి ఉద్యోగం తీస్తారా?"

"తాగినాడని రాస్తే ఊరుకోరప్పా. రాసినోడు వచ్చి 'నేను సూడల్యా, అబద్ధం రాసినా' అంటే తప్ప ఆ మాట పోదు. యాడొస్తాడు? వాడెవుడో కడుపు నిండినోడు, రాసేసి ఇంటికి పోయి నిద్రపోయింటాడు."

దస్తగిరమ్మా, ఆ రాసినవాణ్ణి నేనే.

కూర్చునే చదువుతున్నావా? కూర్చో తల్లీ. ఆ సోమవారం వత్తులు చెయ్యగా మిగిలిన పత్తిమూట నెత్తిన పెట్టుకుని రోడ్డు పక్కన రెండు గంటలు నిలబడ్డాను. మూడు బస్సులు పోయాయి. నాలుగోది దగ్గరికొచ్చి నెమ్మదించింది, లోపలినుంచి ఎవరో "రైట్ రైట్" అన్నారు, దుమ్ము నా మొహాన కొట్టి పోయింది. ఎవరూ తిట్టలేదు. కండక్టరు మొహమే చూడలేదు, తాగాడో లేదో నాకేం తెలుసు? బస్సు నంబరు మాత్రం గుర్తుపెట్టుకున్నాను. ఆదోని చేరగానే బస్టాండు కంట్రోలరు గదిలో ఫిర్యాదుల పుస్తకం అడిగి రాశాను. ఉత్త 'ఆపలేదు' అంటే ఎవరు పట్టించుకుంటారు, కాస్త కారం ఉండాలని 'తాగి' అని కలిపాను. అల్లుడు కోడుమూరు బస్సులోనే పోతాడనుకున్నాను, జాతరకు ఇటు వేస్తారని నాకు తెలియదు. బస్సు పైన కూడా జనం ఉంటే ఆపలేకపోయానని, మూట కింద ఆ ముసలాయన మొహం కనపడలేదని అల్లుడు నీతో అన్నట్టు రాశావు. ఆ ముసలాయన నేనే.

ఇంతటితో అయిపోతే బాగుండేది. "ఈ రాత యాడో సూసినా సాబూ" అని సుంకన్న పాత పుస్తకాలు దించాడు. ఏడు ఫిర్యాదులు, అన్నీ నావే! నేను ఎవరూ చదవరనుకునేవాణ్ణి. కోపమొచ్చినప్పుడు రాసుకుంటే మనసు తేలికయ్యేది, చూసినవాళ్ళు రాత బాగుందనేవాళ్ళు. ప్రతిదాని కింద ఎర్రసిరాతో ఏం చేశారో రాసి ఉంది. ఒకరికి హెచ్చరిక, ఒకరికి బదిలీ. 1974లో రాసినదాని కింద 'ఉద్యోగం నుంచి తొలగించడమైనది' అని ఉంది.

నీకప్పుడు పదేళ్ళు. దేవనకొండ పోతుంటే కండక్టరు మీ అమ్మను సీట్లోంచి లేవమన్నాడు, గుర్తుందా? చెయ్యి పట్టి లాగాడని రాశాను. లాగలేదు. చొక్కా మీది బిళ్ళ నంబరే రాశాను, పేరు అడగలేదు. ఎర్రసిరాలో పేరుంది. నాగప్ప.

మన అంగడి ముందు బజ్జీల బండి నాగప్పే తల్లీ. పొట్లం కట్టి ఇస్తూ "రైట్ రైట్" అంటాడే, అందరం నవ్వుతామే, ఆ నాగప్ప. వెనకటికి కండక్టరు పని చేశానని చెప్పేవాడు, ఎందుకు మానేశావని నేనెప్పుడూ అడగలేదు. అప్పుడు రాసినవాణ్ణి వచ్చి చెప్పమని డిపోలో నోటీసు అంటించారట, ఎవరూ పోలేదట.

నువ్వడిగిన జవాబు రాశాను. అల్లుడి తరఫున కాదు, నా తరఫున. చూడనిది చూసినట్టు రాశానని, నా పేరు, అంగడి వీధి, అన్నీ వేసి దీంతోపాటు పెట్టాను. ముందు నువ్వు చదువు, తర్వాత మీ ఆయనకు ఇవ్వు. కాగితం చాలదు, మనిషి రావాలని సుంకన్న అన్నాడు కదా. బుధవారం మొదటి బస్సుకే వస్తాను. నీకు ఇష్టం లేకపోతే ఇంటి గడప తొక్కను, నేరుగా విచారణకు పోయి చెప్పాల్సింది చెప్పి తిరుగు బస్సెక్కుతాను. దిండు మాత్రం స్టాండులో ఎవరి చేతికైనా ఇచ్చి పంపుతాను, పిల్లోడు ఏం చేశాడు పాపం. మీ అమ్మకు ఇంకా చెప్పలేదు. భయంగా ఉంది. నాగప్ప ఉద్యోగం మాత్రం ఏ కాగితం పెట్టినా తిరిగి రాదట.

ఇప్పుడే నాగప్ప వచ్చి బల్ల మీద టీ పెట్టాడు. "ఏం సాబూ, పొద్దన్నించీ గీకుతాండావు, ఎవుని మీద కంప్లైంటు?" అని నవ్వుతున్నాడు.

"నా మీదనే అన్నా. కూర్చో, చదివి వినిపిస్తాను" అన్నాను. బండి మీద బాణలి దించేసి వస్తానని పోయాడు.

వస్తున్నాడు. ఇక ఆపుతాను.

ఇట్లు,
మీ నాయన
దూదేకుల పీరా సాబ్,
పరుపుల అంగడి, ఆదోని.