అవ్వ వక్కాకు తిత్తి

ధరణమ్మా, ఈడ పెట్టే ఉప్మాలో ఉప్పూ లేదు, కరేపాకూ లేదు. మీ అవ్వా నేనూ తుపాను షెల్టరులో బాగుండాము, దిగులు పడొద్దు. దీన్ని కట్టేటప్పుడు గొడ్ల కొట్టమని గవర్నమెంటును ఎగతాళి చేసినాను. మన ఇంటి కప్పు ఎగిరి పులికాట్‌లో పడినాక నోరు మూసుకున్నాను. మొన్న వాళ్లు మన ఊరి తలారినిచ్చి జీపు పంపితే మీ అవ్వ, "కోళ్లను ఇడిసి నేను రాను, నువ్వు పో ముసలోడా" అని గుంజ పట్టుకునింది. అంతలో ఆమె వక్కాకు తిత్తి జీపులో కనపడింది. తలారి దొంగిలించినాడని తిట్టుకుంటా ఎక్కింది, జీపు కదిలింది. కోళ్లను గంపలో నేనే తెచ్చినాను. పుత్తూరులో మీ నాయన చేతి కట్టు విప్పినారా? అవ్వకు పాత చీరలుంటే పంపు. చల్లగుండు తల్లీ. తిత్తిని జీపులో పెట్టింది నేనే. తలారి ఇంకా తిట్లు తింటానే ఉండాడు, అవ్వకు చెప్పొద్దు.

మీ తాత