చప్పటి చిలకయోటా

హలాట్లాకో, వహాకా
మార్చి 29, సమరయ స్త్రీ శుక్రవారం, సాయంత్రం

పూజ్యురాలైన మా ఎర్మెలిందా వదినకు,

నీ మరదలు ఒతీలియా నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను అని రాయడం మర్యాద. అక్కడంటే ఎంత దూరం, నాలుగు గుమ్మాల అవతల. క్షేమం సంగతి అలా ఉంచి, ప్రస్తుతం నేను నాలుక గీక్కుంటూ కూర్చున్నాను. నీతో మాట్లాడనని పోయిన ఏడాది సోలెదాద్ మాతకు మొక్కుకున్నాను కాబట్టి మాట్లాడటం లేదు. ఉత్తరం రాయనని మొక్కుకోలేదు.

ఛీ, ఛీ! ఏం పండగ వదినా ఇది! వీధి వీధంతా గుమ్మాలకి కాగితం పూల కొమ్మలు కట్టారు, వచ్చేపోయే వాళ్లందరికీ ఊరికే పోయడానికి తీపి నీళ్ల మట్టి కుండలు పెట్టారు, చూడ్డానికి కళకళలాడిపోయింది. తాగితే కదా తెలిసేది. మూలింటి వాళ్ల హమైకా పూల నీళ్లలో ఒక్క పువ్వు రేకు ఉంటే ఒట్టు. పొట్లం చించి రంగుపొడి కలిపారు. నా నాలుక ఇప్పటికీ ఎర్రగానే ఉంది, ఎంత గీకినా పోవడం లేదు. పక్కింట్లో పుచ్చకాయ నీళ్లు ఇచ్చారు. నోట్లో పడ్డది గింజే అనుకున్నాను, గింజ కాళ్లు కొట్టుకుంది. ఈగ! బావి దగ్గర ప్రభువుకు దాహమిచ్చిన తల్లి పేరు మీద పోసిన నీళ్లు ఊస్తే ఆవిడ ముఖాన ఊసినట్టేనని అమ్మ చెప్పేది. కాబట్టి ఊయలేదు. ఆ తర్వాతి సంగతి అడగకు.

ఎదురింటి క్రెసెన్సియా గురించి రాయాలంటేనే నాకు ఒళ్లు జలదరిస్తోంది. ఆవిడ చూపుడు వేలికి మూడు ఉంగరాలు. ఆ వేలే ఓర్చాటా కుండలో ముంచుతుంది, నాకుతుంది, ఇంకా తీపి చాల్లేదర్రా అంటుంది, చిక్కపాల డబ్బా ఇంకోటి వంచుతుంది, మళ్లీ అదే వేలు ముంచుతుంది. బియ్యం నానబెట్టి రుబ్బిన నీళ్లకి అంత పాలెందుకు, అంత చక్కెరెందుకు? గ్లాసు వంచితే కారదు, జారుతుంది. జనం మాత్రం అక్కడే ఎగబడ్డారు.

నా కుండ దగ్గరికీ వచ్చారు, రాకేం, మా అమ్మ కుండ కదా. గుమ్మడి లాంటి ఆ చిలకయోటా కాయని అమ్మ నేర్పినట్టే నేలకేసి కొట్టి పగలగొట్టాను, ఇనుము తగలనివ్వలేదు. దాల్చిన చెక్క, నిమ్మ తొక్క, అనాస, అన్నీ వేసి నిన్ననే ఉడికించి చల్లార్చాను. రొట్టెల అబుందియో మొదటి గుక్కకే ముఖం అదోలా పెట్టి, ఏమ్మా ఒతీలియా, ఇంట్లో ఎవరైనా పోయారా, నీళ్లు ఇంత చప్పగా ఉన్నాయి అన్నాడు. అని ఊరుకున్నాడా, తడి మీసం వేసుకుని కుండలోకి తొంగి చూసి, తీపంతా అడుగున ఉందేమో కలిపి చూడు అని సలహా కూడా! గింజలు నా పూల మీదే ఊశాడు. వాళ్లావిడ ఇంకో ఆకు ఎక్కువే చదివింది, కుండ కడిగిన నీళ్లు పొరపాటున పోశావేమో చూసుకో అక్కా అంది. ముసలిది పిసినారిదైపోయింది, బెల్లం పెట్టెలో దాచుకుందిరోయ్ అని క్రెసెన్సియా వీధి అవతల నుంచి అరిచింది. నాకు వినబడాలనే అరిచింది.

అబద్ధమెందుకు, నాకూ మింగుడుపడలేదు. గడ్డి ఉడకబెట్టిన నీళ్లలా ఉంది. ఇలా ఎందుకు చేశావని అడిగిన వాళ్లందరికీ, ఇష్టమైతే తాగండి, లేకపోతే నడవండి అన్నాను. ఈ రోజున అనకూడని మాట అది. అయినా అన్నాను.

మధ్యాహ్నం నుంచీ మీ గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నానని నీకు చెప్పాల్సిన పని లేదు, అయినా చెప్తున్నాను. ఈ ఒక్క రోజు ఎవరి గడప ముందైనా ఎవరైనా నిలబడొచ్చు. పడని వాళ్లు గ్లాసు చాచినా పోయాలి, పడని వాళ్లు పోసినా తాగాలి. ఎవరూ తగ్గినట్టు కాదు. నువ్వు నా గుమ్మానికి రావాలంటే ఏడాది మొత్తంలో ఇదొక్కటే రోజు. వస్తావనే అనుకున్నాను.

వచ్చావు. ఆ పచ్చ శాలువా కప్పుకుని, గ్లాసు పట్టుకుని, నా గుమ్మం దాకా వచ్చావు. నేను గరిటె కూడా ముంచాను. చటుక్కున ముఖం తిప్పుకుని ఎదురింటికి పోయావు! క్రెసెన్సియా పోసింది, గటగటా తాగావు. ఇంకో గ్లాసు పుచ్చుకో తల్లీ అంది. వద్దనలేదు నువ్వు, అదీ తాగావు. ఉంగరాలు కడిగిన ఆ జిగురు! నాకు ఒళ్లు మండిపోయింది. గరిటె విసిరికొట్టాను, వీధంతా చూసింది, చూడనీ. నువ్వు మాత్రం వెనక్కి తిరగకుండా గోడ పట్టుకుని కుంటుకుంటూ ఇంటికి పోయావు. చెప్పు కరిచినట్టుంది పాపం అనుకున్నారు జనం.

పోయిన ఏడాది నేనన్న మాట ఇంకా కడుపులో పెట్టుకున్నావని తెలుసు. మా పెరట్లో, నలుగురూ చూస్తుండగా, చిలకయోటా మీద కత్తి పెట్టావు. ఇనుము తగిలితే నీళ్లు చేదెక్కుతాయని నీకు నేర్పింది మా అమ్మ. కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఒక్క దెబ్బకి కాయ పగలగొట్టి, ఆ మహాతల్లి చేత శభాష్ అనిపించుకున్నది నువ్వు. నేను ఎంత కుళ్లుకున్నానో నాకు తెలుసు. అలాంటి నువ్వే కత్తి తీసేసరికి, చేతులకేం రోగమొచ్చింది నీకు అని అరిచాను. అరవనా మరి? నువ్వు నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి పెరట్లో పారేసి వెళ్లిపోయావు. అది నా దగ్గరే ఉంది. ఉతికి మడత పెట్టాను.

ఇంక రాయను. ఆ ఈగ ఇంకా గొంతులోనే ఉన్నట్టుంది. అన్నయ్యకి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ ముఖం చూస్తేనే మండిపోతున్న, అయినా నీ మరదలే అయిన
ఒతీలియా

తా.క.: అన్నయ్య మీద పడి అరవకు. పోయిన నెల మందుల షాపులో షుగర్ చూసుకునే పట్టీలు కొంటూ నాకు దొరికిపోయాడు. నీకు షుగరొచ్చిన సంగతి ఎవరికీ చెప్పొద్దని నువ్వు ఒట్టు వేయించుకున్నావట. నేను చొక్కా పట్టుకుని నిలదీస్తే చెప్పాడు, చెప్పి ఆ షాపులోనే ఏడ్చాడు. కాలి వేలి మీద పుండు మానడం లేదట. పోయిన పండగ నాటికే నీ చేతుల్లో పట్టు పోయిందట, కాయ ఎత్తలేకే కత్తి తీశావట. చేతులకేం రోగమొచ్చిందని నేనడిగినప్పుడే ఆ ముక్క చెప్పి చావొచ్చుగా వదినా? ఈ రోజున పోస్తే వద్దనకూడదు, వద్దంటే ఎందుకని వీధంతా అడుగుతుంది, అందుకని నువ్వు తాగేస్తావు. అది నాకు తెలుసు. అందుకే నా కుండలో బెల్లం గడ్డ ఒక్కటి కూడా వేయలేదు, అనాస కూడా పేరుకే వేశాను. ఈ వీధిలో నువ్వు భయం లేకుండా తాగగలిగిన కుండ అదొక్కటే. దానికే ముఖం తిప్పుకున్నావు, వెళ్లి ఆ విషం రెండు గ్లాసులు తాగావు. రాత్రికి పట్టీ వేసి చూడమని అన్నయ్యకి చెప్పాను. ఇంకో కాయ కొని పెట్టాను. రేపు పొద్దున్నే రా. కత్తితోనే కోద్దాం.